అక్క నన్ను ‘మీరు’ అన్న నెల

మా అక్కకు కోపం వస్తే మర్యాద ఎక్కువయ్యేది.

నాకు కోపం వస్తే సందు చివర టైర్ల షాపువాడికి కూడా తెలుస్తుంది. బతుకంతా నూనె మూకుడు ముందు కూర్చున్నదాన్ని, నా నోరూ అంతే వేడి. అక్క అలా కాదు. గొంతు తగ్గేది, నవ్వు పెరిగేది, ‘నువ్వు’ పోయి ‘మీరు’ వచ్చేది. మా జావా ఇళ్లలో పెద్దవాళ్లతో మాట్లాడే తీరు వేరు, తోటివాళ్లతో మాట్లాడే తీరు వేరు. అమ్మతో మాట్లాడాల్సిన మాటలు తెచ్చి చెల్లెలితో మాట్లాడితే, దానికంటే చెంప మీద ఒకటి కొట్టడం నయం. కొడితే కనీసం చెయ్యయినా తగులుతుంది. ఆ ఏడు రంజాను నెలలో, పండగ ఇంకా వారం ఉందనగా, అక్క నన్ను ‘మీరు’ అంది.

మా అక్క పేరు వర్సితి. నేను తుమిరాని, ఆమెకు తుమీని. సోలో ఊళ్లో రైలు పట్టాలవతలి సందులో మా ఇళ్లు ఎదురెదురుగా ఉండేవి. బావ గియోనో జకార్తా బస్సు నడిపేవాడు. ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉండేవాడు. వాళ్లకు పిల్లల్లేరు. నాకు పెళ్లి ఒకటి అయింది, అదీ నిలవలేదు. సందు మొగలో బజ్జీల బండి పెట్టుకున్నాను. అక్కకు నేనూ, నాకు అక్కా. అంతే మా సంసారం.

అక్కకు రొమ్ములో రాచపుండు వచ్చి, ఒక పక్క మొత్తం తీసేసి చాలా ఏళ్లయింది. పోయిందనుకున్నాం. మళ్లీ వచ్చింది, ఈసారి ఎముకల్లోకి పాకింది. ఇది నయమయ్యేది కాదు, వీలైనన్నాళ్లు అదుపులో పెట్టేది అని డాక్టరు చెప్పాడు. అక్క ఆయనకు వంగి నమస్కారం పెట్టి, ఆయన పిల్లలు కులాసాగా ఉన్నారా అని అడిగి బయటికి వచ్చింది. నేను వరండాలో బెంచీ మీద కూర్చుని బావురుమన్నాను. ‘లే, నలుగురూ చూస్తున్నారు’ అంది, ఏదో నా ఒంట్లోనే బాగాలేనట్టు.

అమ్మకు మాత్రం చెప్పలేదు. అమ్మ వొనొగిరి కొండల్లో, మా ఊళ్లో, తమ్ముడి దగ్గర ఉండేది. మొదటి ఆపరేషనప్పుడూ చెప్పలేదు. ముసలి ప్రాణానికి ఈ వయసులో బెంగ ఎందుకు అనేది అక్క. అడిగితే మోకాళ్ల నొప్పులు అని చెప్పేది. తల మీంచి నడుము దాకా ముసుగు, వదులు చొక్కా, లోపల తనే గుడ్డతో కుట్టుకున్న మెత్త. ఏటా పండక్కి అలాగే వెళ్లి అలాగే వచ్చేది.

ఆ ఏడు పెద్దాసుపత్రి వాళ్లు అక్కలాంటి ఆడవాళ్లను కొందరిని కూడగట్టి, ఒక్కొక్కరి మణికట్టుకూ ఒక గడియారం తగిలించారు. అది రాత్రీ పగలూ చేతికే ఉండాలి. ఎంతసేపు నడిచారు, ఎంతసేపు పడుకున్నారు, గుండె ఎలా కొట్టుకుంది, అన్నీ చూసి ఫోనుకు చెబుతుంది. ఫోను ఆసుపత్రికి చెబుతుంది. మా సందులో ఆ పనికి బోలెడుమంది ఉన్నారు, మళ్లీ గడియారం దేనికి అన్నాను నేను. ఫోనులోనే వ్యాయామం కూడా. జబ్బు ఇంత ముదిరినవాళ్లకు కసరత్తులేమిటని నేను నోరు చేసుకుంటే, ఫోనులో అవి నేర్పే ఆసుపత్రి అమ్మాయి నాకే ఎదురు చెప్పింది. పడుకున్నకొద్దీ ఉన్న కండ కరిగిపోతుంది, కండ పోతే మరుగుదొడ్డికి కూడా మనిషి సాయం కావాలి, మీ అక్కకు అది ఇష్టమా, అని అడిగింది.

ఆ అమ్మాయి పేరు రోతువా. సుమత్రా నుంచి వచ్చిన బటాక్ పిల్ల. వాళ్లు గట్టిగా మాట్లాడతారు, ఉన్నదున్నట్టు మొహాన అనేస్తారు. అక్క మొదటి రోజు ఫోను కాస్త దూరంగా పెట్టుకుంది. నాకైతే చూడగానే నచ్చింది. ఈ ఊళ్లో ఇన్నాళ్లకు నాలాంటి నోరు ఇంకొకటి కనిపించింది.

రోతువా అందరినీ ఒకటే ప్రశ్న అడిగింది. ఈ ఒంటితో మీకు ఏం చేయాలనుంది? ఫోనులో గళ్లు గళ్లుగా కనిపించే ఆడవాళ్లలో ఒకావిడ బజారుకు వెళ్లాలంది. ఇంకొకావిడ మనవడిని ఎత్తుకోవాలంది. అక్క మిగతావాళ్లందరినీ చెప్పనిచ్చింది.

“పండగ రోజు మా అమ్మ కాళ్ల దగ్గర మోకరిల్లాలి” అంది చివరికి. “ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవాలి.”

రంజాను పండగ పొద్దున నమాజు నుంచి వచ్చాక, మా ఇళ్లలో పిల్లలందరూ వయసు వరసన తల్లి ముందు మోకరిల్లుతారు. ఆమె ఒళ్లో తల పెట్టి, ఏడాది తప్పులన్నీ క్షమించమని అడుగుతారు. అక్క పెద్దది, వరసలో మొదట ఆమే. ఆమె మోకరిల్లకపోయినా, లేచేటప్పుడు తూలినా, అమ్మ కనిపెట్టేస్తుంది. అదొకటే కాదు. ఇంకో పండగ తనకు లేదని అక్కకు తెలుసు. నోరు తెరిచి అనలేదు గానీ, ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు. దాంతో నాకు తెలిసిపోయింది.

రోతువా డాక్టరును అడిగి వచ్చి సరేనంది. మెట్టు మెట్టుగా దిగుదామంది. ముందు ఎత్తు కుర్చీలోంచి లేవడం, తర్వాత పొట్టి కుర్చీ, తర్వాత పీట, ఆ తర్వాత మడతపెట్టిన పరుపు, ఆఖర్న నేల. ఒకటే షరతు పెట్టింది. నొప్పి వస్తే ఆగాలి, తనకు చెప్పాలి.

చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ఫోను గంట మోగించి, ‘ఈ రోజు మీకు ఎలా ఉంది?’ అని అడుగుతుంది. కింద వరసగా మొహాలు, నవ్వే మొహం దగ్గర్నుంచి ఏడ్చే మొహం దాకా. మన నొప్పిని బట్టి ఒకటి నొక్కాలి. అక్క ముసుగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, “దేవుడి దయ వల్ల బాగున్నానమ్మా” అని ఫోనుతో పైకే చెప్పి, నవ్వే మొహం నొక్కేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. అది యంత్రమే అక్కా, దానికి మర్యాదలెందుకు అనేదాన్ని. యంత్రం వెనక ఆ పిల్ల ఉంది కదే, పొద్దున్నే లేచి పాపం మనల్ని పలకరిస్తుంటే నొప్పి గిప్పి అని ఎలా అంటాం అనేది.

పీట నాదే. బజ్జీల బండి దగ్గర నేను కూర్చునే పీట, నూనె పీల్చి నల్లబడిపోయింది. అక్క దాన్ని ఇసుకతో తోమి, దాని మీద పాత బాతిక్ గుడ్డ వేసుకుంది. పొద్దున తను లేవడం కూర్చోవడం చేసి, మధ్యాహ్నానికి నాకు తిరిగిచ్చేది. రబ్బరు పట్టీలు లాగడం, ఉన్నచోటే కాళ్లెత్తి నడవడం, సందు ఆ చివరికీ ఈ చివరికీ తిరగడం, అన్నీ నేనూ చేసేదాన్ని. నా ఒళ్లు చూసి ఫోనులో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వండమ్మా నవ్వండి, నవ్వు కూడా కసరత్తే అనేదాన్ని.

పైకి ఏమన్నా, ఆ నెలలో అక్కకు నిజంగానే బలం వచ్చింది. అన్నం పట్టింది. చెంపలకు రంగు వచ్చింది. ఒకరోజు చేతులు గుండెల మీద పెట్టుకుని, రోతువా ‘ఒకటి, రెండు, మూడు, లేవండి’ అనగానే పీట మీంచి ఒక్క ఊపున లేచి నిలబడింది. ఫోను గళ్లల్లో ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. మనవడిని ఎత్తుకోవాలన్న ఆవిడ కళ్లు తుడుచుకుంది. అక్క నా వైపు తిరిగి, “చూశావటే?” అంది. అంత సంతోషం ఆమె మొహంలో నేను పెళ్లి రోజు కూడా చూడలేదు.

రంజాను నెల సగం దాటాక, తెల్లవారుజామున తినే అన్నం నేనే వండి, అక్కకూ ఒక గిన్నె పట్టుకెళ్లేదాన్ని. జబ్బుమనిషికి ఉపవాసం లేదు, అయినా ఆ వేళకు నాకు తోడు కూర్చునేది. ఆ రోజు వెళ్లేసరికి వంటింటి గుమ్మం రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ముసుగు కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక కాలు నేల మీద ఆనించడం లేదు. నేను గిన్నెతో అలాగే నిలబడిపోయాను. అప్పుడే ఫోను గంట మోగింది. అక్క కొంగు తీసి తుడుచుకుంది. ముసుగు సర్దుకుంది. “దేవుడి దయ వల్ల” అని మొదలుపెట్టి, నవ్వే మొహం నొక్కింది. అప్పుడు నన్ను చూసింది. చూసి, “కూర చల్లారిపోతుంది, రా” అంది.

ఎన్నాళ్లనుంచి అని అడిగాను. ఏమీ లేదు, కాలు పట్టేసిందంది. రోతువాకు చెప్పమన్నాను. పండగ దగ్గరికొచ్చింది, ఇప్పుడు చెబితే ఆపేస్తుంది, పీట దాకా వచ్చానే, ఇంక రెండు మెట్లే అంది. “నువ్వు కూడా నోరు మూసుకో. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నాకు తెలుసు. ఈ ఒక్కసారికి నాననియ్యి.”

నాననిచ్చాను. రెండు రోజులు నా నోరు నాకే బరువైపోయింది.

మూడో రోజు సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకు జనం బండి చుట్టూ మూగి ఉండగా, రోతువా నాకే ఫోను చేసింది. మీ అక్క రోజూ నవ్వే మొహం నొక్కుతున్నారు గానీ, గడియారం చూస్తే ఆమె రాత్రుళ్లు నిద్రపోవడం లేదు, ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగింది. మూకుట్లో సోయా గింజల టెంపే ముక్కలు మాడుతున్నాయి. ఒకావిడ నా మొహం మీదికి సంచీ చాపి తొందరపెడుతోంది.

“నొప్పి” అన్నాను. “కాలు నేల మీద మోపలేకపోతోంది. గుడ్డ నోట్లో కుక్కుకుంటోంది.”

“మరి నవ్వు మొహం ఎందుకు నొక్కారు? రోజూ అడుగుతున్నాను కదా ఎలా ఉన్నారని.”

“తల్లీ, మా వాళ్లను చావబోయే ముందు ఎలా ఉన్నావని అడిగినా బాగున్నామంటారు. అది జవాబు కాదు, మర్యాద.”

మర్నాడే ఆసుపత్రికి రమ్మన్నారు. ఫొటోలు తీశారు. తొడ ఎముక లోపల డొల్లపడిపోయింది. రోతువా ఆ ఫొటో ముందు నిలబడి తడబడింది. ఈ డొల్ల కసరత్తు వల్ల వచ్చింది కాదు, జబ్బు చేసిందే, కానీ ఈ ఎముక మీద ఇంకొక్కసారి గట్టిగా బరువు పడితే విరిగిపోయేదని డాక్టరు చెప్పాడు. నొప్పి తగ్గడానికి ఒకసారి కరెంటు పెడతామన్నాడు. ఆపరేషను చేసి కడ్డీ వేయడానికి అక్క ఊపిరితిత్తులు ఒప్పుకోవన్నాడు. చేతికర్రతో నడవొచ్చు, కూర్చుని చేతుల కసరత్తు చేయొచ్చు, నేల మీదకు మాత్రం దిగకూడదు. మోకరిల్లడం అసలు కుదరదు.

అక్క అందరికీ నమస్కారం పెట్టింది. వరండాలోకి వచ్చాక రోతువా ఆమె చెయ్యి పట్టుకుంది. “తప్పు నాదేనండీ. నేను ఎలా ఉన్నారని అడిగాను. ఎక్కడ నొప్పి అని అడగాల్సింది” అంది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. అక్క ఆమె బుగ్గ నిమిరి, ఉపవాసంలో ఏడవకు తల్లీ అని ఓదార్చింది. ఆ పిల్లకు ఉపవాసం లేదు, వాళ్లు క్రైస్తవులు. ఆ సంగతి అక్కకు గుర్తు లేనట్టుంది.

ఇంటికి వచ్చాం. ఆటో దిగేటప్పుడు చెయ్యి అందించాను. అక్క నా చెయ్యి పట్టుకోలేదు. గుమ్మం దగ్గర చేతికర్ర ఆనించి, నా వైపు తిరిగి, చాలా చక్కగా నవ్వింది.

“నా కోసం చాలా శ్రమపడ్డారు. మీరు వెళ్లి కాస్త విశ్రాంతి తీసుకోండి” అంది.

అక్కడి నుంచి మొదలైంది. భోంచేశారా. బేరం బాగా సాగిందా మీకు. మీ దయ, అక్కడ పెట్టి వెళ్లండి. పీట కడిగి, ఆరబెట్టి, బాతిక్ గుడ్డ మడత పెట్టి దాని మీద ఉంచి, నా గుమ్మంలో పెట్టించింది. పోయినవాళ్ల సామాను తిరిగిచ్చినట్టు ఇచ్చింది. నేను ఆ పీట మీద కూర్చోలేక రెండు రోజులు నిలబడే బజ్జీలు వేశాను. ఎవరైనా కారం తక్కువైందంటే వాళ్ల మీద విరుచుకుపడ్డాను.

మూడో రోజు ఇంక ఆగలేకపోయాను. ఆమె ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, “తిట్టక్కా. కావాలంటే కర్రతో కొట్టు. ఆ ‘మీరు’ మాత్రం అనకు, నేను భరించలేను” అన్నాను.

“తిట్టడానికి మీరేం తప్పు చేశారు?” అంది. గొంతు పాలలా ఉంది. “నా మంచికే చేశారు. అందరూ నా మంచికే చేస్తారు. డాక్టరుగారూ, ఆ పిల్లా, మీరూ. నేను అడిగింది ఒక్కటి. అది మాత్రం నా మంచి కాదంటారు.”

ఆ ఎముక విరిగితే, అన్నాను. విరిగితే విరుగుతుంది, అంది. అమ్మ ముందే విరిగితే, అన్నాను. అప్పుడు మాత్రం ఆమె నవ్వు కాస్త తగ్గింది. కానీ ‘నువ్వు’ రాలేదు.

రోతువాతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశాను. అమ్మ కుర్చీ పక్కనే ఇంకో ఎత్తు కుర్చీ వేయాలి. అక్క దాని మీద కూర్చునే పక్కకు వంగి, అమ్మ ఒళ్లో తల పెట్టాలి. మోకాళ్ల నొప్పులని అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. అది అక్కకు చెబితే, “అలాగేనండీ. మీరెలా చెబితే అలాగే” అంది. మా దగ్గర ‘అలాగే’ అంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. అది తెలిసి కూడా నేను సంతోషపడిపోయాను. బుద్ధి లేకపోతే సరి.

పండగ ముందు రోజు తమ్ముడు పంపిన వ్యానులో వొనొగిరి వెళ్లాం. బావ రాలేదు. లోకంలో వాళ్లందరినీ పండక్కి ఇళ్లకు చేర్చే మనిషి, తను మాత్రం ఏ పండక్కీ ఇల్లు చేరడు. దారిలో ఫోను చేసి జాగ్రత్త చెప్పాడు. కరెంటు పెట్టాక అక్కకు నొప్పి కాస్త తగ్గింది గానీ, గుంత వచ్చినప్పుడల్లా కిటికీ చువ్వ గట్టిగా పట్టుకునేది. నేను దిండు ఇచ్చాను. “మీ దయ” అంది. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని వింతగా చూశాడు. అక్కాచెల్లెళ్లంటే నమ్మలేదనుకుంటాను.

రెండు నెలల తర్వాత బక్రీదుకు మేకలు కోసేనాటికి అక్క లేదు. ఆసుపత్రి వాళ్లు వచ్చి గడియారం తీసుకెళ్లారు. ఆ చివరి వారాల గురించి నేను చెప్పను, అవి అందరి ఇళ్లలోనూ ఒకేలా ఉంటాయి. నాకు మిగిలింది ఆ రంజాను పండగ పొద్దున.

నమాజు నుంచి అందరం వచ్చాం. నడవలో చాపలు పరిచారు. వంటింట్లోంచి కొబ్బరాకు పొట్లాల్లో ఉడికిన అన్నం వాసనా, కోడికూర వాసనా వస్తున్నాయి. అమ్మ టేకు కుర్చీలో కూర్చుంది. ఏటికేడాది చిక్కిపోయి, ఆ కుర్చీలో ఇంకొకరు పట్టేంత ఖాళీ మిగిలింది. పక్కనే నేను తెచ్చి వేసిన ఎత్తు కుర్చీ. వెనక వరసలో తమ్ముడూ, వాడి భార్యా, పిల్లలూ, చుట్టాలూ.

“వర్సితీ” అని పిలిచింది అమ్మ.

అక్క చేతికర్ర గోడకు ఆనించి నడిచింది. బాగానే నడిచింది. చూపు ఎదురుగా, భుజాలు వెనక్కి, రోతువా నేర్పినట్టే. ఎత్తు కుర్చీ దాకా వచ్చి, దాని వీపు మీద చెయ్యి వేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె ఆ కుర్చీని పట్టుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది.

నేను ముందుకు ఉరకబోయాను. అక్క తల తిప్పకుండానే అరచెయ్యి వెనక్కి చూపించింది, ఆగమని. పండగ పూట, తల్లి ఎదుట కేకలు వేయకూడదు. నా నోరు నా చేత్తోనే మూసుకున్నాను. ఒక మోకాలు చాపకు తగిలింది. తర్వాత రెండోది. ఎముక చప్పుడు వస్తుందేమోనని నేను చెవులు రిక్కించి విన్నాను. రాలేదు. అక్క నిదానంగా వంగి అమ్మ ఒళ్లో తల పెట్టింది.

“అమ్మా, మీ పెద్ద కూతురిని” అంది. “మీకు నమస్కారం. నా తప్పులన్నీ క్షమించండి. పైకి కనపడేవీ, లోపల...”

ఏటా అనే మాటలే అవి. అందరూ అనేవే. పైకి కనపడేవీ, లోపల దాచుకున్నవీ అనాలి. ఆ ‘లోపల’ దగ్గర అక్క ఆగిపోయింది. మిగతాది రాలేదు. అమ్మ ఎదురుచూసింది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. అక్క తల ఎత్తబోయింది, లేవడానికి ఒక చెయ్యి నేలకు ఆనించింది. ఆ చెయ్యి బరువు ఆపలేక జారడం నాకు కనిపించింది. నాకు కనిపించిందంటే అమ్మకూ కనిపించింది.

పండగ రోజు మా ఇళ్లలో పెద్దవాళ్లు ఆ కుర్చీ దిగరు. పిల్లలే వంగాలి, పెద్దవాళ్లు పైనుంచి దీవించాలి. అమ్మ కుర్చీ చేతులు రెండూ పట్టుకుని కిందికి జరిగింది. తమ్ముడు అమ్మా అమ్మా అంటూ వచ్చాడు, వాడిని కసిరింది. మెల్లగా, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు, చాప మీద కూతురికి ఎదురుగా చతికిలబడింది.

“ఎక్కడే?” అంది.

అక్క నవ్వింది. “బాగున్నానమ్మా, మీ దీవెన వల్ల.”

“ఎలా ఉన్నావని నేనడిగానా? ఎక్కడ నొప్పి?”

అక్క మొహంలో ఆ నవ్వు కాసేపు నిలబడింది. తర్వాత పోయింది. ఆమె చెయ్యి తీసి తొడ మీద పెట్టుకుంది. తర్వాత నడుము మీద. తర్వాత వెన్ను మీద. ఆఖర్న రొమ్ము మీద, ఆ గుడ్డ మెత్త ఉన్నచోట. “ఇక్కడమ్మా” అంది. “ఇక్కడ కూడా. ఇక్కడ.” చూపించేకొద్దీ చిన్నపిల్లయిపోయింది. “చాలా నొప్పిగా ఉందమ్మా.”

అమ్మ ఆ చోట్లన్నిటి మీదా చెయ్యి వేసింది. తొందరపడలేదు. మెత్త మీద చెయ్యి వేసినప్పుడు కూడా ఉలిక్కిపడలేదు.

“ఈ ముసలిదాని తప్పులు కూడా క్షమించమ్మా” అంది. అది పెద్దవాళ్లు తిరిగి చెప్పాల్సిన మాటే. “నేనూ దాచాను. ఒళ్లో తల పెట్టిన పిల్ల ఒంట్లో ఏముందో ఏం లేదో తల్లికి తెలియదా? నువ్వు కష్టపడి దాస్తున్నావు, చూసి అడిగితే సిగ్గుపడతావని ఊరుకున్నాను.”

తమ్ముడు గోడ వైపు తిరిగిపోయాడు. ఇన్నేళ్లూ కూతురు తల్లికి బెంగ కలగకూడదనీ, తల్లి కూతురికి సిగ్గు కలగకూడదనీ. ఇదీ మా మర్యాద. తగలెయ్యాలి దీన్ని.

కాసేపటికి తమ్ముడు అమ్మను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాడి భార్య అక్క వైపు రాబోయింది. అక్క వద్దని తల ఊపింది. చుట్టూ చూసింది. నేను మూల నిలబడి, నోరు మూసుకున్న చెయ్యి ఇంకా తీయకుండా ఏడుస్తున్నాను.

“తుమీ” అంది. “అక్కడ నిలబడి గుడ్లప్పగించి చూస్తావేమే? రావే, లేపు నన్ను.”

వెళ్లాను. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, రోతువా చూపించినట్టు రెండు చంకల కింద చేతులు వేసి వీపు పట్టుకున్నాను. ఆమె చేతులు నా మెడ చుట్టూ వేసింది. “ఒకటి, రెండు, మూడు” అన్నాను. మూడు నాకే వినపడలేదు. అయినా ఇద్దరం లేచాం. రోజూ బండి దాకా నేను మోసే పిండి బస్తా ఉందే, అంత బరువు కూడా లేదు మా అక్క.

“మెల్లిగానే, మొద్దూ” అంది నా చెవిలో. “నొప్పి.”